బేస్‌మెంట్ గోడలకి ఏ ఇన్సులేషన్? నాలుగు పద్ధతులు, ఎవరికి ఏది సరిపోతుంది

బేస్‌మెంట్ ఫినిష్ చేయిద్దాం అనుకోగానే ఇంట్లో మాటలన్నీ ఫ్లోరింగ్, లైట్లు, హోమ్ థియేటర్ చుట్టూ తిరుగుతాయి. గోడ లోపల ఏ ఇన్సులేషన్ (వేడి, చలి దాటకుండా ఆపే పొర) పెడతారన్నది కాంట్రాక్టర్ ఇష్టానికి వదిలేస్తాం. తీరా చూస్తే తర్వాత మార్చుకోవడం అన్నిటికంటే కష్టమయ్యేది అదే. కార్పెట్ నచ్చకపోతే నాలుగేళ్ళకి పీకేసి ఇంకోటి వేయించుకోవచ్చు. షీట్‌రాక్ (గోడకి పైన కొట్టే జిప్సమ్ పలక) వెనక బూజు పడితే మాత్రం గోడంతా విప్పాలి, పెట్టిన డబ్బు మళ్ళీ పెట్టాలి.

ఈ పోలిక అమెరికాలో న్యూజెర్సీ నుంచి మిషిగన్ దాకా, వర్జీనియా, అట్లాంటా వైపు, కెనడాలో టొరంటో చుట్టుపక్కల సొంత ఇళ్ళున్న మనవాళ్ళ కోసం. డాలస్ వైపు బంకమట్టి నేలల్లో బేస్‌మెంట్లే అరుదు. హైదరాబాద్ సెల్లార్ కార్లు పెట్టుకోవడానికి ఉద్దేశించింది, అందులో కాపురం ఉండే గదులకి అనుమతి రాదు. కాబట్టి ఆ రెండు ఊళ్ళ సంగతి ఇక్కడ లేదు.

## పై అంతస్తు గోడ వేరు, ఈ గోడ వేరు

షికాగో, డెట్రాయిట్ ప్రాంతాల్లో చలికి నేల గడ్డకట్టి పునాది కదలకుండా ఉండాలంటే, దాన్ని కనీసం 42 అంగుళాల లోతుకి తీసుకెళ్ళాలి. ఎలాగూ అంత తవ్వుతున్నాం కదా అని ఇంకాస్త తవ్వి గది చేయడం అక్కడి ఆనవాయితీ. అలా వచ్చిన గదికి గోడ అంటే కాంక్రీటు, దాని అవతల మట్టి. ఆ మట్టిలోని చెమ్మని కాంక్రీటు ఏడాది పొడవునా కొద్దికొద్దిగా పీలుస్తూనే ఉంటుంది.

చాలామంది చలికాలం గురించే ఆలోచిస్తారు. అసలు చిక్కు జులై, ఆగస్టుల్లో వస్తుంది. బయట ఉక్కపోతగా ఉన్నా లోతులో మట్టి చల్లగానే ఉంటుంది, ఉత్తరాది రాష్ట్రాల్లో దాదాపు 50 నుంచి 55 డిగ్రీల ఫారెన్‌హీట్. తేమ నిండిన గది గాలి ఆ చల్లటి కాంక్రీటుకి తగిలితే, ఫ్రిజ్‌లోంచి తీసిన మజ్జిగ గ్లాసుకి పట్టినట్టు గోడకి నీళ్ళు పడతాయి. పై అంతస్తులో గోడ తడిసినా రెండు వైపులా ఆరుతుంది. బేస్‌మెంట్‌లో బయటివైపు మట్టే కాబట్టి గోడ లోపలివైపే ఆరాలి.

దీన్నిబట్టి రెండు సూత్రాలు తేలతాయి. గది గాలి కాంక్రీటుని తాకకూడదు. కాంక్రీటుని ఆనుకుని చెక్క, కాగితం లాంటివి ఉండకూడదు, ఎందుకంటే బూజుకి అవే తిండి. కింద చెప్పే నాలుగు పద్ధతుల మంచిచెడ్డలన్నీ ఈ రెండిటి మీదే ఆధారపడి ఉన్నాయి.

## ఏవేవి చూసి ఎంచుకోవాలి

మొదటిది చెమ్మ. ఇందులో తప్పిన పద్ధతి మిగతా వాటిలో ఎంత గొప్పగా ఉన్నా వద్దనే నా అభిప్రాయం.

రెండోది ఆర్ విలువ, అంటే వేడిని ఆపే శక్తి. అమెరికా 2021 ఇంధన కోడ్ దేశాన్ని వాతావరణాన్ని బట్టి జోన్లుగా విడదీస్తుంది. దాని ప్రకారం అట్లాంటా ఉన్న మూడో జోన్‌లో బేస్‌మెంట్ గోడకి అంతటా ఎడతెగకుండా ఆర్-5, లేదా స్టడ్‌ల (షీట్‌రాక్‌ని నిలబెట్టే నిలువు చెక్కల) మధ్య ఆర్-13 ఉండాలి. నార్తర్న్ వర్జీనియా ఉన్న నాలుగో జోన్‌లో ఆర్-10 లేదా ఆర్-13. షికాగో, డెట్రాయిట్ ఉన్న ఐదో జోన్‌లో ఆర్-15 లేదా ఆర్-19, కాదంటే స్టడ్‌ల మధ్య ఆర్-13కి తోడు గోడ పొడవునా ఆర్-5. రాష్ట్రానికో ఏడాది కోడ్ అమల్లో ఉంటుంది కాబట్టి మీ టౌన్‌షిప్ బిల్డింగ్ ఆఫీసులో ఒకసారి అడగండి.

మూడోది గది ఎంత తగ్గుతుందన్నది. 30 అడుగులకి 40 అడుగుల బేస్‌మెంట్‌లో గోడ ఆరు అంగుళాలు ముందుకొస్తే దాదాపు 70 చదరపు అడుగులు పోతాయి. పెద్ద బేస్‌మెంట్‌లో పట్టించుకోనక్కర్లేదు, టౌన్‌హౌస్‌లో మాత్రం తెలుస్తుంది.

నాలుగోది మంట. ఫోమ్ ఏదైనా మండుతుంది, పొగ విషం. అందుకే దాన్ని కనీసం అర అంగుళం షీట్‌రాక్‌తో కప్పాలని కోడ్ చెబుతుంది. సామాన్లు పెట్టుకునే మూల ఫినిష్ చేయకుండా వదిలేసినా, అక్కడి ఫోమ్‌ని బయటికి కనిపించేలా వదలకూడదు.

ఇవి కాక మీరే చేసుకోగలరా, రేపు విప్పాల్సి వస్తే విప్పగలరా అన్నవీ ఉన్నాయి. ధర గురించి అంకెలు చెప్పను. ఊరిని బట్టి, ఏడాదిని బట్టి మారిపోతాయి. వరస మాత్రం ఎక్కడైనా ఇంచుమించు ఒకటే: ఫైబర్‌గ్లాస్ చవక, ఫోమ్ బోర్డు మధ్యస్థం, బోర్డుతో పాటు మినరల్ ఊల్ (రాతి నూలు) ఇంకాస్త ఎక్కువ, స్ప్రే ఫోమ్ అన్నిటికంటే ఖరీదు.

## ఇన్సులేషన్‌కి ముందు నీళ్ళు

గోడ మీద తెల్లటి ఉప్పులాంటి పొడి కనబడుతోందంటే దాంట్లోంచి నీళ్ళు వచ్చి ఆరాయన్నమాట. రెండడుగుల ప్లాస్టిక్ షీటు ముక్కని గోడకి నాలుగు వైపులా టేపుతో అంటించి రెండు రోజులు ఉంచండి. షీటు వెనక తడి ఉంటే చెమ్మ కాంక్రీటులోంచి వస్తోంది. పైన తడి ఉంటే గది గాలిలో తేమ ఎక్కువైంది. మొదటిదైతే బయట సరిచేయాలి, రెండోదైతే డీహ్యూమిడిఫైయర్ పెట్టి తేమని 50 శాతం లోపు ఉంచాలి.

బయట చేయాల్సినవి చాలావరకు చిన్న పనులే. గటర్లు శుభ్రం చేయించి, డౌన్‌స్పౌట్ నీళ్ళు పునాదికి కనీసం ఐదారు అడుగుల అవతల పడేలా గొట్టం పొడిగించాలి. ఇంటి చుట్టూ మొదటి పది అడుగుల్లో నేల ఆరు అంగుళాలు వాలుగా ఉండాలి. వానకి గోడ పగుల్లోంచి నీళ్ళు కారే ఇల్లయితే ఏ ఇన్సులేషనూ దాన్ని ఆపలేదు, ముందు ఆ ఊట ఆగాలి. సంప్ పంప్ (నేల కింద చేరిన నీటిని బయటికి తోడే పంపు) ఉంటే దానికి బ్యాటరీ బ్యాకప్ పెట్టించండి, పెద్ద గాలివాన రోజే కరెంటు కూడా పోతుంది.

ఇంకొక పరీక్ష రేడాన్. కంటికి కనబడని, వాసన లేని వాయువు, నేలలోంచి వస్తుంది. అమెరికాలో ఊపిరితిత్తుల క్యాన్సర్‌కి పొగ తాగడం తర్వాత పెద్ద కారణం ఇదే. లీటరుకి 4 పికోక్యూరీలు దాటితే తగ్గించుకోమని అక్కడి పర్యావరణ సంస్థ ఈపీఏ చెబుతుంది. కెనడాలో హద్దు ఘనపు మీటరుకి 200 బెకరెల్. గోడలు, నేల తెరిచి ఉన్నప్పుడే స్లాబ్ కింది నుంచి గాలి లాగే గొట్టం, ఫ్యాను పెట్టడం సులువు. ఫినిష్ అయ్యాక అదే పనికి మళ్ళీ పగలగొట్టాలి. ఈ పరీక్ష లేకుండా కింద పడకగది కట్టకండి.

కొత్తగా కట్టిన ఇల్లు కొన్నవాళ్ళు తొందరపడొద్దు. కొత్త కాంక్రీటులో పోసినప్పటి నీళ్ళే ఇంకా ఉంటాయి. ఒక వేసవి, ఒక శీతాకాలం గడిచేదాకా ఆగితే గోడ ఆరుతుంది, వానకి ఎక్కడ ఊట వస్తుందో కూడా మీకే తెలుస్తుంది.

## నాలుగు పద్ధతులు పక్కపక్కన

| పద్ధతి | చెమ్మని తట్టుకోవడం | ఆర్ విలువ | కాంక్రీటు నుంచి షీట్‌రాక్ దాకా | సొంతంగా చేసుకోవడం | తర్వాత విప్పడం |
|---|---|---|---|---|---|
| స్టడ్‌ల మధ్య ఫైబర్‌గ్లాస్, పైన ప్లాస్టిక్ షీటు | బాగా తక్కువ | 13 | 4 నుంచి 5 అంగుళాలు | సులువు | సులువు |
| 2 అంగుళాల ఎక్స్‌పీఎస్ (ఒక రకం ఫోమ్) బోర్డు, ముందు ఖాళీ స్టడ్ గోడ | బాగుంది | 10 | 6 అంగుళాలు | ఓపిక ఉంటే చేయొచ్చు | ఫర్వాలేదు |
| క్లోజ్డ్ సెల్ స్ప్రే ఫోమ్, 2 అంగుళాలు | చాలా బాగుంది | 12 నుంచి 14 | సుమారు 5 అంగుళాలు | వద్దు | చాలా కష్టం |
| ఒకటిన్నర అంగుళాల ఎక్స్‌పీఎస్ బోర్డు, స్టడ్‌ల మధ్య మినరల్ ఊల్ | బాగుంది | 22 దాకా | ఐదున్నర అంగుళాలు | ఓపిక ఉంటే చేయొచ్చు | ఫర్వాలేదు |

### ఫైబర్‌గ్లాస్, ప్లాస్టిక్ షీటు

ఎక్కువమంది కాంట్రాక్టర్లు అలవాటుగా చేసేది ఇది. పై అంతస్తు గోడ కట్టినట్టే కింద కూడా కడతారు. ఫైబర్‌గ్లాస్‌లోంచి గాలి దూరిపోతుంది కాబట్టి గది గాలి నేరుగా కాంక్రీటుని తాకుతుంది, నీళ్ళు పడతాయి. కాంక్రీటులోంచి వచ్చే చెమ్మ గదివైపు ఆరదామంటే ముందున్న ప్లాస్టిక్ షీటు అడ్డం. ఆ మధ్యలో ఇరుక్కున్న తడికి స్టడ్‌ల అడుగు, ఫైబర్‌గ్లాస్‌కి అంటించిన కాగితం నానుతూ ఉంటాయి. రెండు మూడేళ్ళకి గదిలో ముక్కవాసన మొదలవుతుంది, ఎక్కడి నుంచో ఎవరికీ అర్థం కాదు. ఇన్‌స్పెక్టర్ పాస్ చేసినా నేను మాత్రం ఈ పద్ధతి ఎవరికీ చెప్పను.

కొన్ని కొత్త ఇళ్ళలో బిల్డరే గోడకి తెల్లటి కవరున్న ఫైబర్‌గ్లాస్ దుప్పటి వేలాడదీసి ఇస్తాడు. కోడ్ కోసం పెట్టేది అది. ఆగస్టులో ఒక పక్క తప్పించి వెనక చెయ్యి పెట్టి చూడండి. తడిగా ఉంటే దాన్ని తీసేసి మొదటి నుంచి చేయించుకోవడమే మేలు.

### ఫోమ్ బోర్డు

గట్టి అట్టల్లా వచ్చే ఈ బోర్డులు మూడు రకాలు. తెల్లటి ఈపీఎస్ అంగుళానికి సుమారు ఆర్-4, నీలం లేదా గులాబీ రంగు ఎక్స్‌పీఎస్ ఆర్-5, రేకు అంటించిన పాలీఐసో ఆర్-6 దాకా ఇస్తుంది. వీటిని కాంక్రీటుకే నేరుగా జిగురుతో అంటించి, అతుకులన్నిటికీ టేపు వేసి, పైనా కిందా క్యాన్ ఫోమ్‌తో (డబ్బాలోంచి కొట్టే ఫోమ్) మూసేస్తే గది గాలికి గోడ అందదు. తర్వాత దాని ముందు స్టడ్ గోడ. చెక్క కాంక్రీటుకి తగలదు కాబట్టి వెచ్చగా, పొడిగా ఉంటుంది. కింది చెక్కకి ట్రీటెడ్ కలప వాడాలి.

రెండు అంగుళాల ఎక్స్‌పీఎస్‌తో ఆర్-10 వస్తుంది. నాలుగో జోన్‌కి సరిపోతుంది. ఐదో జోన్‌లో మూడు అంగుళాలు పెట్టాలి, లేదా నాలుగో పద్ధతికి వెళ్ళాలి.

దీని బలహీనత పనితనం. బోర్డు గోడకి పూర్తిగా అంటుకోకపోయినా, టేపు వదిలేసినా గాలి వెనక్కి దూరి పాత కథే అవుతుంది. పాత ఇళ్ళలో గోడ ఎగుడుదిగుడు రాయి అయితే బోర్డు కుదరనే కుదరదు. షీట్‌రాక్ ఎక్కకముందు మీరే టార్చి పట్టుకుని ప్రతి అతుకూ చూసుకోవడం మంచిది, ఫొటోలు కూడా తీసిపెట్టుకోండి.

చోటు తక్కువైతే స్టడ్ గోడ మానేసి, బోర్డు మీద ముప్పావు అంగుళం చెక్క పట్టీలు మరలతో కాంక్రీటుకి బిగించి వాటికే షీట్‌రాక్ కొట్టొచ్చు. మొత్తం మూడుంపావు అంగుళాల్లో అయిపోతుంది. కాకపోతే కరెంటు పెట్టెలకి లోతు దొరకదు, ప్లగ్‌లు ఎక్కువ కావాలంటే ఇబ్బంది.

### స్ప్రే ఫోమ్

రెండు ద్రవాలు కలిసి గోడ మీద పడి ఉబ్బి గట్టిపడతాయి. క్లోజ్డ్ సెల్ రకం రెండు అంగుళాలు పడితే గాలీ, ఆవిరీ రెండూ ఆగుతాయి. రాతి గోడలకి, పైపులు అడ్డదిడ్డంగా ఉన్న చోట్లకి దీన్ని మించింది లేదు. ఒక్క రోజులో పని అయిపోతుంది. ఓపెన్ సెల్ రకం చవగ్గా చెప్తారు, కానీ అది ఆవిరిని వదిలేస్తుంది. నేల కింది గోడకి అది వద్దు, కొటేషన్‌లో ఏ రకమో రాయించుకోండి.

ఖరీదు సంగతి అలా ఉంచితే, దీంతో నాకున్న బెంగ వేరు. ద్రవాల పాళ్ళు కుదరకపోయినా, గోడ మరీ చల్లగా ఉన్నప్పుడు కొట్టినా ఫోమ్ సరిగా గట్టిపడదు, వాసన నెలల తరబడి పోదు. అప్పుడు గీకి తీయడం నరకం. కొట్టే రోజు, ఆ తర్వాత కనీసం 24 గంటలు ఇంట్లో ఎవరూ ఉండకూడదు. పసిపిల్లలు, ఆస్తమా ఉన్నవాళ్ళు ఉంటే ఇంకా ఎక్కువ రోజులు బయట ఉండే ఏర్పాటు చేసుకోండి.

### బోర్డు, మినరల్ ఊల్ కలిపి

నేను ఎక్కువగా చెప్పేది ఇదే, ముఖ్యంగా ఐదో జోన్ వాళ్ళకి. ఒకటిన్నర అంగుళాల ఎక్స్‌పీఎస్ గోడకి, దాని ముందు స్టడ్‌ల మధ్య మూడున్నర అంగుళాల మినరల్ ఊల్. ఊల్ ఒక్కటే ఆర్-15 ఇస్తుంది. అది రాతి నూలు కాబట్టి మండదు, తడిసినా ఫైబర్‌గ్లాస్‌లా చతికిలబడదు, శబ్దాన్ని కూడా తగ్గిస్తుంది. ఈ పద్ధతిలో ముందువైపు ప్లాస్టిక్ షీటు వేయొద్దు. ఉత్తరాది కాంట్రాక్టర్లలో కొందరు అలవాటు కొద్దీ వేస్తామంటారు. స్థానిక కోడ్ తప్పనిసరి అంటే తప్ప ఒప్పుకోకండి.

ఏ పద్ధతైనా సరే స్టడ్ గోడ వెనక ఖాళీ ఉంటే, నిప్పు దాని గుండా పైకి పాకకుండా గోడ పై అంచున, అడ్డంగా ప్రతి పది అడుగులకి అడ్డుకట్ట పెట్టాలి. ఫ్రేమింగ్ ఇన్‌స్పెక్షన్‌లో తరచూ ఫెయిల్ చేసేది దీనికే.

## మీ అవసరాన్ని బట్టి

అమ్మానాన్నలు వచ్చి ఉండటానికి గది. ఆర్నెల్లు ఉండే పెద్దవాళ్ళకి కింద గది ఇచ్చే ముందు మెట్లు ఆలోచించండి. మోకాళ్ళ నొప్పులుంటే రోజుకి ఎన్నిసార్లు ఎక్కి దిగుతారో లెక్కేసుకోండి. వాక్‌ఔట్ బేస్‌మెంట్ (తలుపు తీసి నేరుగా బయటికి నడిచి వెళ్ళగలిగేది) కాకపోతే, పైన చిన్న గది ఖాళీ చేసి ఇవ్వడమే చాలా ఇళ్ళలో నయం. కిందే అయితే ప్రమాదంలో బయటపడే కిటికీ తప్పనిసరి. అమెరికాలో తెరుచుకునే ఖాళీ 5.7 చదరపు అడుగులు, నేలమట్టానికి ఉంటే 5, కనీసం 20 అంగుళాల వెడల్పు, 24 అంగుళాల ఎత్తు ఉండాలి. కిటికీ అడుగు గది నేల నుంచి 44 అంగుళాలకి మించకూడదు. కొత్తగా కాంక్రీటు కోసి కిటికీ పెట్టాలంటే ఇన్సులేషన్ కంటే ముందే ఆ పని కావాలి. ఈ గదికి బోర్డు, మినరల్ ఊల్ కలిపి చేయించండి. నేల మీద కూడా ఒక అంగుళం ఎక్స్‌పీఎస్, దాని పైన ప్లైవుడ్ వేస్తే కాళ్ళకి చలి తగలదు. ఫినిష్ అయ్యాక కూడా ఎత్తు 7 అడుగులు మిగలాలి, ముందే కొలవండి.

హోమ్ థియేటర్, పుట్టినరోజులు, పాట్‌లక్‌లు. నలుగురూ చేరే గదికి వేడి కంటే శబ్దం ముఖ్యం. గోడకి రెండో పద్ధతి చాలు, మిగిలిన డబ్బు సీలింగ్‌లో మినరల్ ఊల్‌కి పెట్టండి. ముప్పై మంది చేరితే గాలిలో తేమ కూడా పెరుగుతుంది, డీహ్యూమిడిఫైయర్ నీళ్ళు నేరుగా డ్రెయిన్‌లోకి పోయేలా గొట్టం వేయించండి.

కింద రెండో వంటిల్లు. పోపు వాసన పైకి రాకూడదని చాలామంది అడుగుతారు. రెండో స్టవ్ పెడితే అది రెండు కుటుంబాల ఇల్లు కింద లెక్కవుతుందని కొన్ని టౌన్‌షిప్‌లు ఒప్పుకోవు, ముందు కనుక్కోండి. ఒప్పుకుంటే ఆవిరి బయటికి పోయే హుడ్ ఉండాల్సిందే. గ్యాస్ ఫర్నేస్, వాటర్ హీటర్ అదే బేస్‌మెంట్‌లో ఉంటే మాత్రం జాగ్రత్త. పాతరకం పొగగొట్టం ఉన్న వాటిని బలమైన హుడ్ వెనక్కి లాగి, కార్బన్ మోనాక్సైడ్‌ని గదిలోకి తేగలదు. బయటి గాలి లోపలికి వచ్చే దారి, అలారం రెండూ పెట్టించండి. ఇలాంటి ఇంట్లో రాజీ లేకుండా గాలి ఆపే ఇన్సులేషన్ కావాలి. డబ్బు సరిపోతే స్ప్రే ఫోమ్, లేదంటే టేపు జాగ్రత్తగా వేసిన బోర్డు.

కెనడాలో అద్దెకి ఇవ్వడం. ఒంటారియోలో 2022 చట్టం తర్వాత నీళ్ళ, మురుగు లైన్లున్న నివాస స్థలాల్లో మూడు యూనిట్ల దాకా ఉండొచ్చు. దానర్థం పర్మిట్ అక్కర్లేదని కాదు. బ్రాంప్టన్‌లో ఆ యూనిట్‌ని సిటీ దగ్గర రిజిస్టర్ చేయించాలి. రెండు ఇళ్ళ మధ్య నిప్పు, పొగ దాటకుండా సీలింగ్ కట్టాలి, స్మోక్ అలారాలు ఒకదానితో ఒకటి కలిసి మోగాలి. కింద ఉండేది చాలాసార్లు మన ఊళ్ళ నుంచి చదువుకోడానికి వచ్చిన పిల్లలే. మంచాలు ఎన్ని పడతాయో లెక్క వేసే ముందు, అర్ధరాత్రి మంట వస్తే వాళ్ళు ఏ కిటికీలోంచి బయటపడతారో చూడండి. అద్దె ఇంట్లో గోడ విప్పడం మరీ కష్టం, కాబట్టి మినరల్ ఊల్ ఉన్న నాలుగో పద్ధతే.

నాలుగైదేళ్ళలో అమ్మేసేవాళ్ళు. నేల మట్టానికి కింద ఉన్న చదరపు అడుగుల్ని అమెరికా అప్రైజర్లు ఇంటి అసలు విస్తీర్ణంలో కలపరు, విడిగా చూపిస్తారు. పెట్టిందంతా తిరిగి వస్తుందని లెక్క వేసుకోవద్దు. మరీ ఖరీదైన స్ప్రే ఫోమ్ అక్కర్లేదు. పర్మిట్ మాత్రం మానొద్దు. దాంతో ప్రాపర్టీ టాక్స్ కొంత పెరగొచ్చు, కానీ అది లేని బేస్‌మెంట్ అమ్మకం రోజున బేరంలో ఇంకా ఎక్కువ తగ్గిస్తుంది.

అట్లాంటా వైపు ఇళ్ళు. చలి తక్కువ, కోడ్‌కి ఒక అంగుళం ఎక్స్‌పీఎస్ కూడా సరిపోతుంది. కానీ అక్కడ ఉక్కపోత ఎక్కువ కాలం ఉంటుంది, చెదలు కూడా. ఫోమ్ వెనక నుంచి చెద పాకితే కనబడదు. గోడ పై అంచున కొన్ని అంగుళాలు ఫోమ్ లేకుండా వదలమని చెదల కంపెనీ వాళ్ళు అడుగుతారు, ఫోమ్ కొట్టించే ముందే వాళ్ళతో మాట్లాడండి.

ఈ ఏడాది డబ్బు కుదరని వాళ్ళు. గోడలు అలాగే ఉంచి, రిమ్ జాయిస్ట్ ఒక్కటి చేయించండి. కాంక్రీటు గోడ పైన, మొదటి అంతస్తు నేల కింద ఇంటి చుట్టూ ఉండే చెక్క అంచు అది. చలిగాలి ఎక్కువగా దూరేది అక్కడే. రెండు అంగుళాల బోర్డు ముక్కలు ఆ గళ్ళలో సరిపడేలా కోసి పెట్టి, చుట్టూ క్యాన్ ఫోమ్ కొడితే ఒక శని, ఆదివారాల్లో మీరే చేసుకోవచ్చు. ఆ ముక్కల్ని కప్పాలా అన్నది మాత్రం బిల్డింగ్ ఆఫీసుని అడిగి మొదలుపెట్టండి.